చేతిరాత చీటీలు

గురునాథం ఇంటికి కంపెనీవాళ్లు ఫోను పెట్టించినప్పుడు రాయపూర్ పక్క మోవాలో ఆ వీధి మొత్తానికి అది రెండోది. మొదటిది మూల మీద బట్టల కొట్టు సేఠ్‌ది. ఆ రోజు ఊర్మిళ ఇరుగుపొరుగులకి పేడాలు పంచింది. ఆరు నెలలు తిరక్కుండానే ఆ ఫోను మీద పాత తువ్వాలు కప్పి, దాని మీద దిండు పెట్టడం మొదలుపెట్టింది. అయినా అది మోగితే వినబడేది.

మోగితే సిల్తారా నుంచే. అక్కడి స్పాంజి ఐరన్ ఫ్యాక్టరీలో గురునాథం ఈడీపీ మేనేజరు. అంటే కంప్యూటర్ల విభాగానికి పెద్ద. ఆ ఉద్యోగం ఏమిటో వీధిలో వాళ్లకి సరే, ఫ్యాక్టరీలోనే సగం మందికి తెలియదు. ప్రింటరులో కాగితం ఇరుక్కుంటే అతన్ని పిలుస్తారు. జీతం చీటీలో పేరు తప్పు పడితే అతన్ని పిలుస్తారు. ఏసీ నుంచి నీళ్లు కారితే అతన్ని, ఏసీ అసలు ఆగిపోతే మరీ గట్టిగా అతన్ని. కరెంటు పోయినా అతనే జవాబు చెప్పాలి, ఎందుకంటే కరెంటు పోతే కంప్యూటరు ఆగుతుంది గనక. ప్రోగ్రాములు రాయడం మీద మోజుతో ఈ పనిలోకి వచ్చిన మనిషి, మేనేజరయ్యాక ప్రోగ్రాము రాసి రెండేళ్లయింది. ఇప్పుడు రాసేవన్నీ ఫైళ్లే. స్టెబిలైజరు కావాలని ఒకటి, దుమ్ము రాకుండా కిటికీలకి అద్దాలు బిగించమని ఒకటి. పేరుకి మేనేజరు గాని, అతని చేతికింద ఉన్నది ఇద్దరు ఆపరేటర్లు, ఏడు కంప్యూటర్లు, వాటి మీద రోజూ పేరుకునే నల్లటి దుమ్ము.

అతని తండ్రి బొబ్బిలి నుంచి వచ్చి రాయపూర్ రైల్వే వ్యాగన్ షాపులో ఫిట్టరుగా పనిచేశాడు. సాయంత్రం సైరను కూస్తే చేతులు కడుక్కుని ఇంటికి వచ్చేవాడు. మళ్లీ పొద్దున దాకా షాపులో ఏది విరిగినా ఆయనకి సంబంధం లేదు. కొడుకు ఉద్యోగానికి అలాంటి సైరను ఏదీ లేదు. నలభై మూడేళ్లకే గురునాథానికి మెడ పట్టేసింది, నిద్ర పలచబడింది. అలిసిపోయానని ఎవరితోనైనా అంటే, "కుర్చీలో కూర్చునే పనేగా" అంటారని అనడం మానేశాడు.

కాటా సంగతి ఇక్కడే చెప్పాలి. ఫ్యాక్టరీలోకి వచ్చే బొగ్గు లారీ, ఇనుప ఖనిజం లారీ, బయటికి పోయే సరుకు లారీ, ప్రతి ఒక్కటీ గేటు పక్కనున్న పెద్ద కాటా ఎక్కి దిగాల్సిందే. రెండేళ్ల కిందట అక్కడ దొంగచీటీల గొడవ బయటపడింది. బరువు తక్కువ రాసి ఎక్కువ సరుకు దాటించేవారు. అప్పుడు గురునాథమే ఒక ఉపాయం చెప్పాడు. కాటాని నేరుగా కంప్యూటరుకి కలిపేస్తే బరువు దానంతటదే చీటీ మీద అచ్చవుతుంది, మనిషి చెయ్యి తగలదు. ఆ అచ్చు చీటీ లేకుండా గేటు తెరవకూడదు. మూడు నెలలు కూర్చుని అదంతా తయారుచేశాడు. ఆ పంద్రాగస్టుకి జనరల్ మేనేజరు త్రిపాఠీ గారు అందరి ముందూ అతని మెళ్లో దండ వేశారు. గేటు దగ్గర గాజుపలక వెనక ఒక ఉత్తర్వు అంటించారు. "కంప్యూటరు చీటీ లేనిదే సరుకుతో ఉన్న ఏ లారీ గేటు దాటరాదు. ఎవరు చెప్పినా సరే." కింద గురునాథం సంతకం.

అన్నీ చేశాడు గాని, కాటా దగ్గర ఒకటే కంప్యూటరు. ఇంకొకటి అదనంగా కొని పక్కన పెట్టుకుందామని మూడుసార్లు ఫైలు పంపాడు. మూడుసార్లూ "వచ్చే ఏడాది చూద్దాం" అని వెనక్కి వచ్చింది.

పంతొమ్మిది వందల తొంభై ఎనిమిది మే నెల. ఒక ఆదివారం పొద్దున ఆరున్నరకి ఫోను మోగింది. మొగుడూ పెళ్లాలు ఏడున్నర ప్యాసింజరుకి తిల్దా వెళ్లాలని తయారవుతున్నారు. ఊర్మిళ అక్క తాయారమ్మ అక్కడే ఉంటుంది. ఆవిడకి కంటి ఆపరేషనై వారమైంది.

"సార్, నేను జోగయ్యని. కాటా కంప్యూటరు చచ్చిపోనాది సార్."

జోగయ్య కాటా ఆపరేటరు. పలాస నుంచి ఇరవయ్యేళ్ల వయసులో వచ్చాడు, ఇప్పుడు యాభై దాటాయి.

"ఆపి మళ్లీ వేశావా?"

"నాలుగుసార్లు వేశాను. తెర మీద ఏటీ రావట్లేదు. కాలిన వాసనొస్తంది."

కాలిన వాసన అనగానే ఆ రోజు పోయిందని గురునాథానికి తెలిసిపోయింది. ఫోను పెట్టేసి, తొడుక్కున్న ఇస్త్రీ చొక్కా విప్పి, ఫ్యాక్టరీకి వేసుకునే చొక్కా తీశాడు. ఊర్మిళ వాకిట్లో నిలబడి జడకి రిబ్బను కట్టుకుంటోంది.

"నువ్వు వెళ్లు. నేను మధ్యాహ్నానికి వచ్చేస్తాను" అన్నాడు.

"పర్లేదు లెండి. మా అక్క కళ్లకి ఇంకా గంతలే కదా. మీరు వచ్చిందీ రానిదీ దానికేటి తెలుస్తుంది" అంది ఊర్మిళ. కోపం ఉన్నట్టూ లేదు, లేనట్టూ లేదు. వెళుతూ వెళుతూ ఒక ఉల్లిపాయ తెచ్చి అతని జేబులో వేసింది. ఆ ఊళ్లో ఎండాకాలం బయటికి వెళ్లేవాళ్లకి లూ అనే వడగాలి తగలకుండా అలా వేస్తారు. "ఇవాళ లూ గట్టిగా ఉంటుందట" అంది.

బిలాస్‌పూర్ రోడ్డు మీద స్కూటరు వేసుకుని బయల్దేరాడు. సిల్తారా ఇంకా కిలోమీటరుందనగానే లారీలు మొదలయ్యాయి. ఖనిజం తెచ్చిన బళ్లు రోడ్డు అంచున వరసగా ఆగి ఉన్నాయి. గేటు లోపల సంగతి ఇంకా ఘోరం. రాత్రంతా లోడింగయిన నలభై మూడు లారీలు ఒకదాని వెనక ఒకటి ఆనుకుని నిలబడ్డాయి. ఆ దారి ఒక బండి పట్టేంతే. ఒకవైపు ప్రహరీ, ఇంకోవైపు బొగ్గు గుట్ట.

కాటా గదిలో కంప్యూటరు మూత విప్పాడు. లోపల కాటుక రాసినట్టు దుమ్ము. బ్రష్షుతో తుడుస్తూ పోతే, కాటానీ కంప్యూటరునీ కలిపే కార్డు ఒక మూల నల్లగా మాడిపోయి కనబడింది. అలాంటి కార్డు ఆఫీసులో ఉన్న ఏ కంప్యూటరులోనూ లేదు. అది అమ్మిన కంపెనీ నాగపూర్‌లో ఉంది. ఇంజనీరు ఇంటికి ఫోను చేస్తే అతని భార్య ఎత్తింది. ఆయన పెళ్లికి వెళ్లాడని, సోమవారం సాయంత్రం కంటే ముందు రాలేడని చెప్పింది. త్రిపాఠీ గారు ఢిల్లీలో ఉన్నారు. ఆయన తరవాతి మనిషి వర్క్స్ మేనేజరు. గురునాథం చెప్పిందంతా విని, "కంప్యూటర్ తో ఆప్ కా డిపార్ట్‌మెంట్ హై, గురునాథ్ జీ" అని, కంప్యూటరు మీ విభాగమే కదా అని ఫోను పెట్టేశాడు.

అయినా గురునాథం ఊరుకోలేదు. ఆఫీసు గదిలోంచి ఇంకో కంప్యూటరు మోయించుకొచ్చాడు. మాడిన కార్డు తీసి, స్పిరిటుతో తుడిచి అందులో పెట్టాడు. తీశాడు, మళ్లీ పెట్టాడు. వైర్లు మార్చి చూశాడు. పదకొండయింది, పన్నెండయింది. గదిలో కూలరు నీళ్లయిపోయి ఉత్త వేడిగాలి కొడుతోంది.

జోగయ్య పక్కనే నిలబడి చూస్తున్నాడు. కాసేపటికి, "సార్, కాటా బాగానే ఉంది కదా. ఎర్రంకెలు పడతానే ఉన్నాయి. చూసి చేత్తో రాసీగలను" అన్నాడు.

"రాస్తే గేటువాడు వదలడు కదయ్యా."

"అవును మరి. వదలొద్దని మీరే రాశారు" అన్నాడు జోగయ్య. ఎత్తిపొడుపు కాదు, ఉన్న మాటే అన్నాడు. గురునాథం తల ఎత్తకుండా స్క్రూడ్రైవరు తిప్పుతూనే ఉన్నాడు.

డ్రైవర్లు ఒక్కొక్కరే వచ్చి గుమ్మంలోంచి తొంగిచూసి పోతున్నారు. వాళ్లలో పరదేశి అని ఒకడున్నాడు. అనకాపల్లి మనిషి, విశాఖపట్నానికి సరుకు తీసుకుపోవాలి. గదిలో తెలుగు వినబడేసరికి రెండుసార్లు వచ్చాడు.

"బావూ, ఎంతసేపడతాదండి?"

"చెప్పలేనయ్యా. చూస్తున్నా కదా."

"మనోళ్లని సెప్పి అడుగుతన్నాను బావూ. నిన్న రాత్రి నుంచి బండిలోనే ఉన్నాను. నీల్లు కూడా అయిపోనాయి. రేకు కింద కూకుంటే పెనం మీద కూకున్నట్టుంది."

గురునాథం తన సీసాలో నీళ్లు ఇచ్చాడు. సగం తాగి, మిగతా సగం పక్క బండి వాడికి పట్టుకెళ్లాడు పరదేశి.

ఒంటిగంటకి బయట కేకలు వినబడ్డాయి. పరదేశి బండి దిగబోతూ మెట్టు మీంచే పడిపోయాడు. నలుగురు మోసుకొచ్చి కాటా గదిలో నేల మీద పడుకోబెట్టారు. ఒళ్లు కాలిపోతోంది గాని ఒక్క చుక్క చెమట లేదు. కళ్లు తేలేశాడు. గురునాథానికి చప్పున జేబులో ఉల్లిపాయ తట్టింది. దాన్ని చితక్కొట్టి అరికాళ్లకి రాశారు, తడిగుడ్డలు కప్పారు. మనిషికి తెలివి రాలేదు.

"ఆస్పత్రికి తీసుకుపోవాలి సార్. జీపు లోపలుంది" అన్నాడు జోగయ్య.

జీపు లోపలే ఉంది, పదకొండు లారీల వెనక. గేటు బయట రోడ్డు ఖనిజం లారీలతో మూసుకుపోయింది. లోపలి నుంచి బళ్లు వస్తేనే అవి జరుగుతాయి. ముందున్న పదకొండూ బయటికి పోతే తప్ప జీపు కదలదు. ఆ పదకొండూ సరుకుతో ఉన్నాయి.

గురునాథం గేటు దగ్గరికి పరిగెత్తాడు. గేటు దగ్గర ఉండేది ఠాకూర్, సైన్యంలో చేసి వచ్చిన మనిషి. మాట విన్నాడు, గదిలోకి వచ్చి నేల మీద మనిషిని చూశాడు. గాజుపలక వెనక కాగితాన్నీ చూశాడు.

"సాబ్, నేను వదిలితే నా ఉద్యోగం పోతుంది. నాకూ పిల్లలున్నారు" అన్నాడు హిందీలో. "మీరు లిఖ్ కే దీజియే. ఒక్కో బండికీ కాగితం రాసి సంతకం పెట్టండి. వెంటనే గేటు తెరుస్తా."

అందులో తప్పు పట్టడానికేమీ లేదు. గురునాథం గదిలోకి వచ్చాడు. జోగయ్య అప్పటికే అలమరా అడుగునుంచి ఒక పాత చీటీల పుస్తకం, రెండు కార్బన్ కాగితాలు తీసి బల్ల మీద పెట్టాడు. మొదటి లారీ కాటా ఎక్కింది. జోగయ్య ఎర్రంకెలు చూసి గట్టిగా చదివాడు. గురునాథం రాశాడు. మొత్తం బరువు, లోపలికొచ్చినప్పటి అచ్చు చీటీలోంచి ఖాళీబండి బరువు, తీసివేస్తే సరుకు బరువు. కింద సంతకం, తేదీ, టైము. ఠాకూర్ చీటీ తీసుకుని, చదివి, గేటు ఎత్తాడు.

పదకొండు బళ్లకి ముప్పావుగంట పట్టింది. ఆ ముప్పావుగంటా పరదేశి కాళ్ల దగ్గర ఇద్దరు డ్రైవర్లు కూర్చుని విసురుతూనే ఉన్నారు. జీపు వచ్చి గుమ్మం ముందు ఆగింది. మనిషిని ఎక్కించారు. జీపు గేటు దాటి రోడ్డు మలుపు తిరిగే దాకా చూసి, గురునాథం వచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

పన్నెండో లారీ కాటా ముందు ఆగి ఉంది. దాని డ్రైవరు దిగి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. తడి తువ్వాలు నెత్తిన వేసుకుని ఊరికే నిలబడ్డాడు. ఈ పదకొండింటికీ గురునాథానికి ఒక కారణం ఉంది, ప్రాణం మీదికి వచ్చిందని చెప్పుకోవచ్చు. పన్నెండోదానికి ఏ కారణమూ లేదు. ఇక్కడ ఆపేస్తే రేపు తనని ఎవరూ ఏమీ అనరు. ఆ సంగతి గురునాథానికి బాగా తెలుసు. తెలిసే, కార్బన్ కాగితం సర్దాడు.

"రానీ జోగయ్యా" అన్నాడు.

నలభై మూడో చీటీ రాసేసరికి అయిదున్నర దాటింది. చివరిది పరదేశి లారీ, దాన్ని తోటి డ్రైవరొకడు తీసి రోడ్డు పక్కన పెట్టాడు. ఆసుపత్రి నుంచి తిరిగొచ్చిన జీపు డ్రైవరు, రెండు సీసాలు సెలైను ఎక్కించారని, మనిషి కళ్లు తెరిచి బండి ఎక్కడుందని అడిగాడని చెప్పాడు. మర్నాడు సాయంత్రానికి పరదేశి తన బండి తనే నడుపుకుంటూ విశాఖపట్నం దారి పట్టాడు. అతను మళ్లీ ఆ ఫ్యాక్టరీకి వచ్చాడో లేదో గురునాథానికి తెలియదు.

ఆ సాయంత్రం ఇంటికి చేరేసరికి ఊర్మిళ అప్పటికే తిరిగొచ్చింది. స్నానం చేసి వచ్చిన గురునాథం కంచం ముందు కూర్చున్నాడు గాని రాసీ రాసీ వేళ్లు ముడుచుకోవడం లేదు. ఊర్మిళ చూసి అన్నంలో చెంచా వేసి ఇచ్చింది.

ఇంజనీరు మంగళవారం వచ్చి కొత్త కార్డు పెట్టాడు. నలభై మూడు చీటీలూ కంప్యూటరులోకి ఎక్కించారు. ఎక్కిస్తుంటే ఒక చీటీ దగ్గర తేడా వచ్చింది. మొత్తం బరువు సరిగానే ఉంది, ఖాళీబండి బరువూ సరిగానే ఉంది. తీసివేస్తే పద్నాలుగు వేల మూడువందల అరవై కిలోలు రావాలి. చీటీలో పదమూడు వేల నాలుగువందల అరవై అని ఉంది. ముప్ఫై ఒకటో చీటీ అది. మూడూ నాలుగూ అటూ ఇటూ అయ్యాయి. తొమ్మిదివందల కిలోల సరుకు లెక్కలో లేకుండా బయటికి వెళ్లిపోయింది.

గురువారం త్రిపాఠీ గారు పిలిచారు. ఆయన చెడ్డ మనిషి కాదు. టీ తెప్పించారు.

"అంత ఎండలో అన్ని చీటీలు, పొరపాటు ఎవరికైనా వస్తుంది. నాకు తెలుసు" అన్నారు హిందీలో. "కానీ పైన తెలియదు కదా. మేనేజరు మీద మెమో అంటే ఫైలు కలకత్తా దాకా పోతుంది. ఆపరేటరు మీద అయితే ఇక్కడే అయిపోతుంది. జోగయ్య తీసివేసి తప్పు చెప్పాడు, మీరు నమ్మి రాశారు. అంతే. అతనికి వారం రోజులు సస్పెన్షను, మళ్లీ వచ్చేస్తాడు. జులైలో మీ సీనియర్ మేనేజరు కాగితం కూడా ఉంది. దాన్నెందుకు పాడుచేసుకోవడం?"

టైపు చేసి ఉంచిన కాగితం బల్ల మీద తోశారు. కింద సంతకానికి చోటు ఖాళీగా ఉంది. గురునాథం దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆలోచించి ఇస్తానన్నాడు.

రెండు రోజులు అది అతని జేబులోనే ఉంది. సంతకం పెడదామనే అనిపించింది, అబద్ధమెందుకు. అతను అలిసిపోయి ఉన్నాడు. వారం రోజులే కదా, జోగయ్యకి తరవాత ఏదో విధంగా సర్దొచ్చు. ఇన్నేళ్ల చాకిరీకి ఒక మెట్టు ఎక్కితే తన కింద ఇంకో మనిషిని ఇస్తారేమో, ఒక్క ఆదివారమైనా మిగులుతుందేమో. ఇలా ఎన్ని రకాలుగా చెప్పుకోవాలో అన్ని రకాలుగా చెప్పుకున్నాడు.

శనివారం సాయంత్రం జోగయ్య ఈడీపీ గదికి వచ్చాడు. అతనికి ఆ కాగితం సంగతేమీ తెలియదు.

"సార్, వచ్చే సోమవారం సెలవు కావాల. మా ఆవిడ కోటమ్మకి పళ్లు పీకించాల" అన్నాడు.

"ఎన్ని?"

"నాలుగంట సార్. ఒక్కపాలే పీకీమంది. మాటిమాటికీ తిరగలేనంది." సెలవు కాగితం బల్ల మీద పెట్టి, "ఆ రోజు నా గొంతు ఆరిపోనాది సార్, అంకెలు సదివీ సదివీ. మీకు సరిగ్గా వినబడ్డాయా? తేడా వచ్చిందని కుర్రోళ్లు అంటన్నారు. నావల్లే అయితే సెప్పీయండి, నేనే ఒప్పీసుకుంటాను" అన్నాడు.

గురునాథం అతని మొహంకేసి చూడలేక సెలవు కాగితం మీద సంతకం పెట్టాడు. "నువ్వు సరిగ్గానే చదివావు. రాసింది నేను" అన్నాడు.

ఆ మాట పైకి అనేశాక జేబులో కాగితానికి ఇక పనిలేకపోయింది. సోమవారం పొద్దున త్రిపాఠీ గారి బల్ల మీద దాన్ని సంతకం లేకుండానే పెట్టాడు. పక్కన తన చేత్తో రాసిన నాలుగు వాక్యాలు పెట్టాడు. చీటీలన్నీ నా నిర్ణయం మీద రాశాను, అంకె తప్పు నాది, జోగయ్య చదివింది సరైనదే, ఇలా. త్రిపాఠీ గారు రెండూ చదివి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"మీ ఇష్టం" అన్నారు. ఆ రోజు టీ తెప్పించలేదు.

మెమో వచ్చింది. ఏడాది పాటు ఇంక్రిమెంటు ఆపారు. సీనియర్ మేనేజరు కాగితం ఏ సొరుగులోకి పోయిందో పోయింది. దానికి గురునాథం సిద్ధపడే ఉన్నాడు. అతను అనుకోనిది ఇంకొకటి జరిగింది. పైవాళ్లకి ఆ చేతిరాత చీటీల పద్ధతి నచ్చింది. రోజంతా ఫ్యాక్టరీ ఆగిపోకుండా సరుకు కదిలింది కదా. జూన్ ఆఖర్లో కొత్త ఉత్తర్వు వచ్చింది. కంప్యూటరు రెండు గంటలకి మించి ఆగితే చేతిరాత చీటీల మీద లారీలు వదలవచ్చు. అయితే ప్రతి చీటీ మీదా ఈడీపీ మేనేజరు స్వయంగా వచ్చి, బరువు చూసి, సంతకం పెట్టాలి.

ఆ కాగితం చదువుకుని గురునాథం తన బదులు జోగయ్య సంతకం చాలునని అర్జీ రాశాడు. ఆపరేటరు హోదా సరిపోదని జవాబు వచ్చింది. ఇంకో అర్జీ రాశాడు. దానికి జవాబే రాలేదు. అదనపు కంప్యూటరు కోసం నాలుగోసారి ఫైలు కదిపాడు. అది ఎవరి బల్ల మీద ఉందో కనుక్కోవడానికి ఇంకో ఫైలు కావాల్సి వచ్చింది.

వర్షాలు మొదలయ్యాక పిడుగులకీ కరెంటుకీ కాటా కంప్యూటరు నెలకి మూడు నాలుగుసార్లు పడుకునేది. ప్రతిసారీ ఫోను మోగేది. జులై చివర ఒక ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని లేస్తుండగా మోగింది. గురునాథం స్కూటరు తాళాలు తీసుకున్నాడు. ఊర్మిళ కంచాలు తీసి, చేతులు కడుక్కుని వచ్చింది.

"నేనూ వస్తాను" అంది.

"ఎక్కడికి?"

"మీరెక్కడికైతే అక్కడికే. ఇంట్లో కూర్చుని ఏటి చెయ్యమంటారు?"

పెళ్లయి పదహారేళ్లయినా ఆమె ఫ్యాక్టరీ చూడలేదు. రెయిన్‌కోటు ఒకటే ఉంటే ఆమెకిచ్చి, తను తడుస్తూ నడిపాడు. కాటా గదిలో జోగయ్య కంగారుపడి బెంచీ తుడిచాడు. "కూచో అమ్మా, కూచో. చాయ్ తెప్పిస్తాను" అని గేటు వైపు ఎవరినో కేకేశాడు.

ఊర్మిళ బెంచీ మీద కూర్చుని చూసింది. లారీ కాటా ఎక్కింది. జోగయ్య అంకెలు చదివాడు. మొగుడు కళ్లజోడు పెట్టుకుని, ఎర్రంకెల దగ్గరికి వెళ్లి చూసి, రాసి, తీసివేత రెండుసార్లు సరిచూసుకుని సంతకం పెట్టాడు. లారీ వెళ్లిపోయింది. ఇంకొకటి వచ్చింది. అలా నాలుగు.

"ఇంతేనా?" అంది.

"ఇంతే" అన్నాడు గురునాథం.

"దీనికోసమా అన్ని ఫోన్లు?"

అతనికి నవ్వొచ్చింది. ఎన్నాళ్లకో. "ఇది తేలిక పనే. మిగతావన్నీ ఇంతకంటే కష్టం, ఇంతకంటే చిన్నవి" అన్నాడు. ఇంకేదో చెప్పబోయాడు గాని, ఆ మాట మధ్యలోనే గోడకి జారగిలబడ్డాడు. వాన రేకు మీద జోరుగా పడుతోంది. చూస్తుండగానే కళ్లు మూతపడ్డాయి. చేతిలో పెన్ను అలాగే ఉంది.

అయిదో లారీ వచ్చి కాటా ఎక్కింది. డ్రైవరు దిగి తడుచుకుంటూ లోపలికి వచ్చాడు, బిలాస్‌పూర్ వైపు మనిషి. జోగయ్య గురునాథం భుజం తట్టబోయాడు. ఊర్మిళ చెయ్యెత్తి వద్దంది. డ్రైవరు కూడా అడ్డం వచ్చాడు.

"సోనే దో భయ్యా, పడుకోనీ. ఇంత వానలో నేను మాత్రం ఎక్కడికి పోతాను" అని బయటికి వెళ్లి బండి ఇంజను ఆపేశాడు. తిరిగి వచ్చి గుమ్మం పక్కన గొంతుక్కూర్చున్నాడు. చాయ్ వచ్చింది. జోగయ్య గ్లాసుల్లో పోసి ఊర్మిళకి ఒకటి, డ్రైవరుకి ఒకటి ఇచ్చాడు.

గురునాథం పావుగంట పడుకున్నాడు. లేచి, లారీని చూసి, ఎంతసేపయిందని ఎవరినీ అడగకుండా కళ్లజోడు సర్దుకున్నాడు. "చదువు జోగయ్యా" అన్నాడు.